పులికాట్‌ను చూడాలంటే ముందు రేవు కావాలి

సంపాదకులు గారికి,

నమస్కారం. సంక్రాంతి దాటిన దగ్గర నుంచి మీ జిల్లా పేజీల్లో పులికాట్ సరస్సు గురించి వస్తున్న వార్తలు, సూచనలు శ్రద్ధగా చదువుతున్నాను. వసతి గృహాలు కట్టాలని, వేగంగా నడిచే పడవలు తేవాలని, ఒడ్డున అద్దాల గదులు పెట్టాలని రకరకాల వాళ్లు అడుగుతున్నారు. సోషల్ మాస్టారుగా ముప్పై ఏళ్లకు పైగా పనిచేసి, అందులో కొంతకాలం నాయుడుపేట, సూళ్లూరుపేట పరిసరాల్లో గడిపి, ఇప్పుడు నెల్లూరులో విశ్రాంతిగా ఉన్నాను. ఆ సరస్సు చుట్టూ బస్సులోను, సైకిల్ మీద, పడవలోను తిరిగిన అనుభవంతో ఒక్క మాట మనవి చేస్తున్నాను. పులికాట్‌కు వచ్చే మనిషికి భయం లేకుండా పడవ ఎక్కి దిగే రేవు ఒకటి, ఆ పడవ ఎప్పుడు బయలుదేరుతుందో చెప్పే బోర్డు ఒకటి, దీవి మీద వెంట నడిచి చూపించే ఊరి మనిషి ఒకరు ఉంటే చాలు, మిగతావి నిదానంగా వచ్చినా ఫరవాలేదు. అయితే సరస్సులో నీళ్లు నిలవడం వీటన్నిటికంటే ముందున్న అవసరం కనుక దాని సంగతి కూడా రాయక తప్పదు.

2022 ఏప్రిల్‌లో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సూళ్లూరుపేట, తడ వైపు ప్రాంతమంతా తిరుపతి జిల్లాలో కలిసింది. కాగితం మీద అది ఇప్పుడు మాది కాదు. కానీ నెల్లూరులో ఎవరినైనా అడిగి చూడండి, పులికాట్ మన జిల్లాదే అంటారు. మా వాళ్ల పెళ్లి భోజనాల్లోకి రొయ్యలు, పీతలు ఆ వైపు నుంచి వస్తూనే ఉన్నాయి, ఆదివారం పిల్లలను తీసుకుని నెల్లూరు నుంచి జనం వెళుతూనే ఉన్నారు. అందుచేత నెల్లూరువాడికి ఆ ఊసు ఎందుకని ఎవరూ అనరనే అనుకుంటున్నాను.

ఈ సరస్సుకు మన పెద్దలు పెట్టుకున్న పేరు ప్రళయకావేరి. తమిళంలో పళవేర్కాడు అన్నదే ఇంగ్లీషువాళ్ల నోట పులికాట్ అయింది. ఒడిశాలోని చిలికా తర్వాత మన దేశంలో ఇంత పెద్ద ఉప్పునీటి సరస్సు ఇంకొకటి లేదు. ఉత్తర దక్షిణాలుగా సుమారు 60 కిలోమీటర్ల పొడవున సాగి, కొంత తమిళనాడులోను, ఎక్కువ భాగం మన రాష్ట్రంలోను ఉంది. సముద్రానికి, సరస్సుకు నడుమ గోడలాగా నిలిచిన ఇసుక దీవే శ్రీహరికోట. ఇంత విస్తారమైన నీరు చాలాచోట్ల మనిషి నడుము దాటదు, కొన్నిచోట్ల మోకాలి లోతే. అక్కడి మనిషి బతుకును, పక్షి బతుకును ఆ లోతు తక్కువే నిర్ణయిస్తుంది కనుక దాన్ని గుర్తుపెట్టుకోమని పాఠకులను కోరుతున్నాను.

రెండు ఏళ్ల క్రితం జనవరిలో పండుగ రోజుల్లో మా మనవణ్ణి తీసుకుని వెళ్లాను. ఇక్కడికి వలస వచ్చే ఫ్లెమింగో పక్షుల పేరుతో 2001లో మొదలైన ఫ్లెమింగో ఫెస్టివల్ గురించి వాడు బడిలో విని సరదా పడ్డాడు. సూళ్లూరుపేట దాటి శ్రీహరికోట రోడ్డెక్కాక కార్లు, బస్సులు, మైకుల మధ్య రెండు గంటలు పట్టింది. ఎక్కడ ఆగాలో తెలియదు, ఆగితే వెనకవాడు హారన్ కొడతాడు. దూరంగా నీళ్ల మీద తెల్లని గీత ఒకటి కనిపిస్తే అవే ఫ్లెమింగోలని వాడికి చూపించాను. బొమ్మల్లో గులాబీ రంగులో ఉన్నాయి కదా తాతా, ఇవి తెల్లగా ఉన్నాయేమని వాడు అడిగాడు. సరైన ప్రశ్నే. మన దగ్గరికి వచ్చే పెద్ద ఫ్లెమింగో నిలబడినప్పుడు దాదాపు తెల్లగానే కనిపిస్తుంది, రెక్క విప్పినప్పుడే లోపలి ఎరుపు బయటపడుతుంది. అవి ఎగిరే దాకా ఓపికగా చూద్దామంటే రోడ్డు మీద నిలబడే చోటు లేదు. వాడు చివరకు జెయింట్ వీల్ ఎక్కి సంతోషపడ్డాడు. పండుగను తప్పు పట్టడం లేదు, దానివల్ల నాలుగు దుకాణాలు నడుస్తాయి, పది మంది పిల్లలకు పక్షి పేరు తెలుస్తుంది. సరస్సును చూడడానికి మాత్రం ఆ మూడు రోజులు పనికిరావు.

పక్షులను నిజంగా అర్థం చేసుకోవాలంటే సరస్సుతో పాటు నేలపట్టు చెరువును కూడా చూడాలి. దొరవారిసత్రం మండలంలో జాతీయ రహదారికి కొద్ది దూరంలోనే ఉన్న ఆ చెరువులో నీళ్ల మధ్య పెరిగే కడప అనే చెట్ల మీద గూడబాతులు (పెలికాన్లు) గూళ్లు కట్టుకుంటాయి. నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణం పక్షులు, నీటి కాకులు కూడా అక్కడే పిల్లలను లేపుతాయి. 1976లో దాన్ని పక్షి సంరక్షణ కేంద్రంగా ప్రకటించారు. గూడు నేలపట్టులో, తిండి పులికాట్‌లో. తల్లి పక్షి పొద్దున్నే ఎగిరి వెళ్లి ప్రళయకావేరిలో చేపలు పట్టి, గొంతు కింది సంచిలో నింపుకుని తిరిగి వచ్చి పిల్లల నోట్లో పెడుతుంది. సరస్సులో చేప తగ్గిన ఏడు చెరువులో గూడు తగ్గుతుందని అర్థం చేసుకోవడానికి శాస్త్రజ్ఞులు అక్కరలేదు. ఆ చెరువులో పడే రెట్ట వల్ల నీటికి ఎరువు గుణం వస్తుందని, ఆ నీరు పారిన పొలం బాగా పండుతుందని ఊరి రైతులు చెప్పగా విన్నాను. అడవి శాఖ బోర్డు పెట్టక ముందు నుంచే వాళ్లు ఆ పిట్టల జోలికి ఎవరినీ పోనివ్వలేదు.

ఫ్లెమింగోల కథ వేరు. అవి మన దగ్గర గూడు కట్టవు, వాటిలో చాలావరకు గుజరాత్‌లోని కచ్ రణ్‌లో పిల్లలను చేస్తాయి. ఇక్కడికి తిండికోసం వస్తాయి. తలను తలకిందులుగా నీళ్లలో ముంచి, బురదను ముక్కుతో జల్లెడ పట్టి సన్నని పురుగులను, నాచును ఏరుకుని తింటాయి. నీరు లోతైతే వాటికి అందదు, ఎండిపోతే ఏమీ దొరకదు. అక్టోబరు నుంచి మార్చి దాకా ఈశాన్య రుతుపవనాల నీరు నిలిచి మెల్లగా తగ్గే కాలమే వాటికి సరిపడే కాలం. అటకానితిప్పలో అటవీ శాఖ నడిపే పర్యావరణ విజ్ఞాన కేంద్రంలో ఇలాంటి విషయాలు తెలుసుకునే వీలుంది. పండుగకు వచ్చే జనంలో ఎంతమంది అక్కడ ఆగుతున్నారన్నది వేరే సంగతి.

ఇక రేవు సంగతికి వస్తాను. పండుగ అయిన నెలకు, ఈసారి ఒంటరిగా, సరస్సు నడుమ ఉన్న ఇరకం దీవికి వెళదామని బయలుదేరాను. తడ మండలంలోని భీములవారిపాళెం నుంచి పడవలు వెళతాయి. హైవే మీద తిరిగే వాళ్లందరికీ ఆ పేరు చెక్‌పోస్టుగానే తెలుసు, ఆ ఊరికి పడవల రేవు కూడా ఉందని చాలామందికి తెలియదు. ముందుగా ఒక కార్యాలయానికి ఫోన్ చేసి అడిగితే ఉదయం ఎనిమిదికి పడవ అన్నారు. ఏడున్నరకే చేరుకున్నాను. రేవులో బోర్డు లేదు, కూర్చోవడానికి అరుగు లేదు, నీడ అంటే ఒక చెట్టు కింద వలలు బాగుచేసుకుంటున్న ఇద్దరు ముసలివాళ్ల పక్కన దొరికిన చోటే. ఎనిమిదైంది, తొమ్మిదైంది. వాళ్లలో ఒకాయన నా వాలకం చూసి, “ఆడోళ్లు సంత చేసుకుని రావాల సార్, సిలిండర్లు ఎక్కాల, అప్పుడు గాని పడవ కదలదు” అని నవ్వాడు. అంటే పడవ గడియారాన్ని బట్టి నడవదు, దీవి అవసరాన్ని బట్టి నడుస్తుంది. అది న్యాయమే. నాకు చెప్పినవారికి ఆ ముక్క తెలియకపోవడమే నాకు నచ్చలేదు.

పది దాటాక పడవ కదిలింది. బియ్యం మూటలు, గ్యాస్ సిలిండర్లు, కోళ్ల బుట్ట, ఒక మోటారు సైకిల్, బడికి వెళ్లే టీచరమ్మ ఒకరు, నేను. నీరు లోతుగా ఉన్నచోట ఇంజను, లోతు తగ్గిన చోట దాన్ని పైకెత్తి గడ వేసి తోయడం. అడుగు చదునుగా ఉన్న ఆ పడవలు ఎందుకలా చేశారో అప్పుడు తెలిసింది, మోకాలి లోతు నీటిలో మరో రకం పడవ నేలకు తగులుకుంటుంది. ఫోటో తీసుకుందామని లేచానో లేదో పడవ నడిపే అబ్బాయి, “నిలబడబాకండి సార్, కూచోండి” అని గట్టిగా అన్నాడు. అంతకుముందు నన్ను ఎవరూ అలా కసురుకోలేదు గాని, ఆ అబ్బాయి చేసింది మంచిపని. 2011 క్రిస్మస్ రోజున ఇదే సరస్సులో, తమిళనాడు వైపు, విహారానికి వెళ్లిన పడవ బోల్తా పడి 22 మంది చనిపోయారు. ఆ పడవలో చిన్నపిల్లలున్నారు. మాకు ఆ రోజు లైఫ్ జాకెట్ లేదు, ఎంతమందిని ఎక్కించుకోవచ్చో ఎక్కడా రాసి లేదు. ఈ లోటును సరిచేయకుండా వేగపు పడవలు తెస్తామనడం నాకు భయం కలిగిస్తోంది. పైగా ఆ వేగపు పడవల చప్పుడుకు పక్షి నిలుస్తుందా, నీళ్లలో పరిచిన వలలు మిగులుతాయా అన్నది ఆలోచించినట్లు లేదు.

ఇరకంలో దిగాక నడక. ఇసుక, తాటిచెట్లు, ఎండబెట్టిన వలలు, గుడిసెల మధ్య మేకలు. అక్కడి వాళ్లు ఒకే వాక్యంలో తెలుగు, అరవం కలిపి మాట్లాడతారు, మనం ఏ భాషలో పలకరిస్తే ఆ భాషలో జవాబిస్తారు. ఒక పెద్దావిడ, “ఏందబ్బయ్యా, ఏం చూద్దామని వచ్చావు ఇంత దూరం?” అని అడిగి మంచినీళ్లిచ్చింది. డెబ్బై దగ్గరపడిన నన్ను అబ్బయ్యా అని పిలిచేవాళ్లు నెల్లూరు సీమలో ఇంకా మిగిలి ఉన్నారని సంతోషం వేసింది. ఆ నీళ్లు తియ్యగా ఉన్నాయి. నాలుగు వైపులా ఉప్పునీరు, నడుమ తీపి నీరు. వానకు ఇసుకలో ఇంకిన నీరు బరువైన ఉప్పునీటి మీద తేలి నిలుస్తుంది, మరీ లోతుగా తవ్వకుండా చెలమలా తోడుకుంటే తియ్యని నీరు వస్తుంది, ఆశపడి లోతుకు పోతే ఉప్పు తగులుతుంది. ముప్పై ఏళ్లు పాఠంలో చెప్పిన నాకు అది కంటికి కనిపించింది ఆ రోజే. ఆ దీవి వైపు ఉప్పు పర్ర (బురద నేల) మీద ఎర్రగా, పచ్చగా అల్లుకున్న మొక్కలను చూపించి, అవి ఏ నెలలో రంగు మారతాయో, ఏ పిట్ట వాటి నడుమ దాక్కుంటుందో పన్నెండేళ్ల కుర్రవాడు ఒకడు గడగడా చెప్పాడు. వాడికి పదో పరకో ఇవ్వబోతే తీసుకోలేదు. సాయంత్రం పడవ మళ్లీ ఎప్పుడుందో చెప్పి, అది తప్పితే రాత్రికి తమ ఇంట్లోనే పడుకోమని వాళ్ల నాన్న అన్నాడు.

ఎన్నికలు వచ్చినప్పుడు పోలింగ్ సిబ్బందిని, సామగ్రిని ప్రభుత్వం ఇదే నీటి మీద పడవల్లో ఇరకానికి చేరుస్తుంది. ఆ ఒక్కరోజుకు పడవలు ఎన్ని కావాలో, ఎన్నింటికి కదలాలో, ఎవరెవరు ఎక్కాలో అన్నీ లెక్కగా జరుగుతాయి. అదే లెక్క మిగతా రోజుల్లోనూ దీవి జనానికి దక్కాలి. రేవు బాగుపడితే ముందుగా లాభపడేది నాలాంటి సందర్శకుడు కాదు, నెలలు నిండిన ఆడకూతురు, బడికి వెళ్లే టీచరమ్మ, చేపల బుట్టతో తెల్లవారుజామున ఒడ్డు చేరవలసిన మనిషి. వాళ్లకు పనికివచ్చే రేవే పర్యాటకులకు కూడా పనికి వస్తుంది.

వేనాడు దీవికి పడవ ప్రయాణం అక్కరలేదు, శ్రీహరికోట రోడ్డు మీద నుంచే దారి ఉంది. అక్కడి దర్గా గంధ మహోత్సవానికి హిందువులు, ముస్లిములు కలిసి వస్తారు. సూళ్లూరుపేటలో కాళంగి ఒడ్డున చెంగాళమ్మ గుడి ఉంది, ఆ గుడి తలుపులు ఎప్పుడూ వేయరు. సరస్సుకు ఉత్తరాన వాకాడు మండలంలోని దుగ్గరాజపట్నం గురించి మాత్రం ఒక మాట. ఆర్మగాన్ పేరుతో ఇంగ్లీషువాళ్లు 1620ల్లోనే అక్కడ గిడ్డంగి కట్టి, ఫిరంగులు పెట్టి కోట చేసుకున్నారు. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే ఉద్యోగే దక్షిణానికి జరిగి 1639లో మద్రాసుకు చోటు సంపాదించాడు. చెన్నై మహానగరం చరిత్రకు ముందు పేజీ మన ఇసుక పల్లెలో ఉందన్నమాట. 2014 విభజన చట్టంలో దుగ్గరాజపట్నానికి పెద్ద ఓడరేవు ఇస్తామన్న మాట కూడా ఉంది. అది రాలేదు. ఓడరేవు సంగతి అలా ఉంచి, కనీసం ఈ చరిత్రను నాలుగు వాక్యాల్లో చెప్పే రాయి ఒకటి ఆ ఊరి మొదట పాతించలేమా?

ఈ ప్రాంతంలో దారి చూపగల వాళ్లకు కొరత లేదు. శ్రీహరికోట అడవిని తరతరాలుగా ఎరిగిన యానాదులున్నారు, నీటి రంగు చూసి లోతు చెప్పే పట్టపు కులపు మత్స్యకారులున్నారు. రాకెట్ ప్రయోగం ఉన్న రోజున సముద్రంలోకి వెళ్లవద్దంటే వేట మానుకుని ఒడ్డున కూర్చునేది కూడా వీళ్లే. బయటి ఊరి సంస్థకు టెండరు ఇచ్చి, రాసిచ్చిన పాఠం అప్పజెప్పే కుర్రవాళ్లను తెచ్చే బదులు, ఇరకం, వేనాడు, భీములవారిపాళెం, నేలపట్టు ఊళ్ల యువతీ యువకులకు పది రోజులు శిక్షణ ఇచ్చి, గుర్తింపు కార్డు ఇచ్చి, వచ్చిన మనిషికి ఇంత అని రుసుము నిర్ణయిస్తే సరిపోతుంది. వలస పక్షి పేరు ఇంగ్లీషులో చెప్పడం వారికి నేర్పవచ్చు. అది ఏ బురదలో ఏ వేళకు దిగుతుందో వాళ్లే మనకు చెప్పాలి.

ఇక నీటి సంగతి. సరస్సుకు నీరు మూడు దారుల్లో వస్తుంది. కాళంగి, ఆరణి, స్వర్ణముఖి వంటి ఏర్లు తెచ్చే వాన నీరు ఒకటి, ఆకాశం నుంచి నేరుగా పడే వాన రెండు, ముఖద్వారాల గుండా వచ్చే సముద్రపు నీరు మూడు. ఈ మూడో దారి పూడిపోతోంది. వాకాడు మండలం వైపు రాయదొరువు ముఖద్వారంలో ఇసుక మేట వేసి, దాన్ని తవ్వించమని మత్స్యకారులు ఏళ్ల తరబడి అడుగుతున్నారు. సముద్రపు పోటుతో వచ్చే రొయ్య పిల్ల, చేప పిల్ల లోపలికి రాకపోతే వేట లేదు. వేసవిలో ఉత్తరపు భాగం నీరు ఇగిరిపోయి తెల్లని ఉప్పు నేలగా మారుతుంది, దాని మీద మోటారు సైకిళ్లు నడుస్తాయి. రాకెట్ కేంద్రం కోసం సరస్సు మధ్యగా వేసిన రోడ్డు కట్ట కూడా ఉత్తరపు నీటిని, దక్షిణపు నీటిని విడదీసింది. ఆ రోడ్డు దేశానికి అవసరమే, 1971 నుంచి శ్రీహరికోట చేస్తున్న పనికి మనందరికీ గర్వమే. తూములు మరిన్ని పెట్టి, ఉన్నవాటిలో పూడిక తీస్తే నీరు అటూ ఇటూ కదులుతుందన్నదే అక్కడివారి కోరిక. పర్యాటకానికి కేటాయించే డబ్బులో మొదటి భాగం ఈ పూడికకు వెళ్లాలని నా అభిప్రాయం. నీరు లేని ఏడు ఎంత మంచి వసతి గృహం కట్టినా దాని కిటికీలోంచి కనిపించేది ఉప్పు పెళ్లలే.

వసతి గృహాలు అసలే వద్దని నేను అనడం లేదు. సూళ్లూరుపేటలో, నాయుడుపేటలో ఉన్న లాడ్జీలు ఇప్పటికి వచ్చే జనానికి చాలు. నెల్లూరు నుంచి రైలుంది, మద్రాసు వైపు నుంచి లోకల్ రైళ్లున్నాయి. దీవుల మీద, పర్ర భూముల మీద కాంక్రీటు లేవకూడదన్నదే నా మనవి. ఆ బురదను వట్టి నేల అని లెక్క కట్టేవాళ్లు ఒక్క పూట అక్కడ నిలబడి కంకణం పక్షి ముక్కు దించిన చోటల్లా ఏం తీస్తోందో చూడాలి.

భీములవారిపాళెం రేవులో పెట్టవలసిన బోర్డు మీద రాయాల్సింది ఎక్కువేమీ లేదు. ఇరకానికి పడవలు సుమారుగా ఏ వేళల్లో కదులుతాయో, తిరుగు పడవ ఎప్పుడో, మనిషికి ఛార్జీ ఎంతో, పడవకు ఎంతమందో, ఆపద వస్తే ఎవరికి ఫోన్ చేయాలో, అంతే. తెలుగులోను, తమిళంలోను రాయించాలి. దాని పక్కన ఒక రేకుల పందిరి, కుండలో మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి, కొక్కేలకు వేలాడదీసిన ఇరవై లైఫ్ జాకెట్లు. వచ్చే అక్టోబరులో వలస పక్షులు దిగేలోపు ఇది పూర్తిచేయడం సంబంధిత అధికారులకు కష్టమైన పని కాదు. మీ పత్రిక విలేకరి ఎవరైనా ఒకసారి పండుగ లేని రోజున అక్కడికి వెళ్లి, పడవ కోసం కాసుకుని కూర్చుని, ఆ వివరాలు దీవి వాళ్లనే అడిగి అచ్చువేస్తే, అధికారులు బోర్డు పెట్టేదాకా ఆ కత్తిరింపునే మేము జేబులో పెట్టుకుని వెళతాము.

ఇట్లు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
నెల్లూరు